మంగళవారం తెల్లవారుజాము విమానం

గుంటూరు, బ్రాడీపేట
25-10-1988

చి॥ల॥సౌ॥ వెంకటేశ్వరమ్మకు,

మీ వదిన దుర్గాంబ ఆశీర్వదించి రాయునది. ఇక్కడ నేను క్షేమం. క్షేమం అని చిన్నగా అంటున్నాను గానీ, దేవతనైపోయాను. నవ్వకు, పూర్తిగా చదువు.

మా పత్తి కంపెనీలో ఎవరు ఏ ఊరు వెళ్ళాలన్నా టిక్కెట్లు వేయించేది నేనే అని నీకు తెలుసు. విజయవాడ ఏజెంటు గౌస్ బాషాకి ఫోన్ చేసి తేదీ చెప్పడం, చీటీ రాసి సంతకం పెట్టడం నా పని. మీ అన్నయ్య పోయాక, ఆయన పనిచేసిన చోటే ఓనరు జానకిరామయ్యగారు నాకీ ఉద్యోగం ఇచ్చి తొమ్మిదేళ్ళు. ఈ తొమ్మిదేళ్ళలో ప్రయాణం పెట్టుకున్న మనిషి ఒక్కడు కూడా నా బల్ల ముందు నుంచి బయల్దేరలేదు. చీటీ నేను రాస్తే అటెండరు బాపయ్య పట్టుకెళ్ళి ఇచ్చేవాడు. వాళ్ళు గడప దాటే వేళకి నేను వెనక గదిలో ఫైళ్ళు సర్దుకుంటూ ఉండాలి. అలా ఉండమని ఎవరూ చెప్పలేదు. చెప్పకుండానే అందరికీ తెలుసు.

మొన్న మా మేనేజరు త్యాగరాజుగారు పత్తి శాంపిళ్ళు పట్టుకుని అహ్మదాబాదు మిల్లుకి వెళ్ళాల్సి వచ్చింది. బొంబాయి నుంచి బుధవారం, పంతొమ్మిదో తేదీ తెల్లవారుజాము విమానం. నేను ఇరవయ్యో తేదీకి వేయించాను. ఆయన రైలెక్కి వెళ్ళిపోయాక ఓనరుగారు నకలు చూసి మండిపడ్డారు. "బుధవారం తెల్లవారుజాము అన్నారు కదండీ. సూర్యుడు పొడవకముందు గురువారం ఎలా వస్తుంది, అదీ బుధవారం లెక్కే కదా అనుకున్నాను" అన్నాను. మనకి తిథులకైనా తద్దినాలకైనా సూర్యోదయమే కదా లెక్క.

"నేను పంపేది విమానానికమ్మా, తద్దినానికి కాదు!" అని ఆఫీసంతా వినేట్టు అరిచారు. మార్పిద్దామంటే అప్పటికి సీట్లు లేవు.

బుధవారం రేడియోలో వార్త విన్నావుగా. ఆ విమానమే. అహ్మదాబాదులో దిగబోతూ కూలిపోయింది. నూట ముప్పై మందికి పైగా పోయారు. త్యాగరాజుగారి భార్య సుబ్బలక్ష్మి ఇద్దరు పిల్లల్నీ పట్టుకుని చెప్పుల్లేకుండా పరిగెత్తుకొచ్చింది. టిక్కెట్టు మర్నాటిదమ్మా అని ఎంత చెప్పినా నమ్మలేదు. సాయంత్రం బొంబాయి నుంచి ట్రంక్ కాల్‌లో ఆయన గొంతు వినపడ్డాక నా మీద పడి ఏడ్చింది.

మర్నాడు పొద్దున ఓనరుగారు కొబ్బరికాయ తెచ్చి నా బల్ల ముందు కొట్టారు. అరిచిన నోటితోనే "అమ్మా, నీ చెయ్యి లక్ష్మి చెయ్యి" అన్నారు. అందరూ దణ్ణం పెట్టారు. బాపయ్య అయితే నా పెన్నుకి బొట్టు పెట్టాడు.

మరి ఆ పోయినవాళ్ళకి టిక్కెట్లు రాసిన చేతుల సంగతేమిటి వెంకటేశ్వరమ్మా? అవి పాపిష్ఠి చేతులా? అప్పటినుంచి ఇదే ఆలోచన. అన్నం సహించడం లేదు.

నీ వదిన,
దుర్గాంబ


చీరాల
3-11-1988

గంగాభాగీరథీ సమానురాలైన వదినగారికి,

వెంకటేశ్వరమ్మ నమస్కరించి రాయునది. నీ ఉత్తరం చదివి ఒళ్ళు జలదరించింది. మా స్కూల్లో టీచర్లందరికీ చదివి వినిపించాను. మావారు నాలుగుసార్లు చదివించుకున్నారు. "మీ వదిన చెయ్యి బంగారం" అని ఇప్పుడంటున్నారు. ఇన్నేళ్ళూ ఏమన్నారో నేను రాయను, నీకూ తెలుసు.

మా హెడ్మాస్టరుగారమ్మాయి వచ్చే నెల ఢిల్లీ వెళ్ళాలట. రైలే అనుకో. అయినా ఒక కాగితం మీద నీ చేత్తో పేరూ తేదీ రాయించి తెప్పించమని నన్ను చంపుతున్నాడు. పంపగలవా? పోయినవాళ్ళ గురించి నువ్వు అంత బాధపడితే ఎలా? అది వాళ్ళ రాత. నీకు ఇన్నాళ్ళకి మంచి మాట దక్కింది, అది చూసుకో.

నీ ఆడపడుచు,
వెంకటేశ్వరమ్మ


గుంటూరు
28-11-1988

చి॥ల॥సౌ॥ వెంకటేశ్వరమ్మకు,

ముందు ఒక సంగతి. ఆ గంగా, ఆ భాగీరథీ ఇక నా పేరు ముందు రాయకు. తొమ్మిదేళ్ళు ఊరుకున్నాను. మొగుడు పోయిన ఆడదానికి నదుల పేర్లు తగిలించి గౌరవం అంటే సరిపోదు. నేను నదిని కాను, దుర్గాంబను. మీ హెడ్మాస్టరుగారికి కాగితమూ పంపను. ఆ అమ్మాయిని రైలు టైముకి స్టేషనుకి వెళ్ళమను, చాలు.

ఇక్కడ మా కంపెనీ ప్రయాణాలకి కొత్త నిబంధనలు వచ్చాయి. సైక్లోస్టైల్ చేసి గోడకి అంటించారు. కంపెనీ మనుషులు ఇద్దరు ఒకే విమానం ఎక్కరాదట. ముగ్గురైతే కలిసి ఊరే దాటరాదట. విమానంలో చివరి వరసలోనే సీటు అడగాలట. మంగళ, బుధవారాల్లో ఉత్తర దిక్కుకి టిక్కెట్టు వేయించరాదట. ఆ విమానం బుధవారం ఉత్తరానికి పోయింది కాబట్టి వారశూల తగిలిందని ఓనరుగారి సిద్ధాంతిగారు తేల్చారు. "సూర్యోదయం కాకముందే లేచింది కదండీ, అప్పటికింకా మంగళవారమే" అన్నాను నేను. "మంగళవారమూ ఉత్తరానికి శూలేనమ్మా" అన్నారు ఓనరుగారు. మరి ఏడాది పొడుగునా మంగళవారం, బుధవారం అదే విమానం ఎగిరి దిగుతూనే ఉందిగా అంటే, పంచాంగం మూసి పెట్టేశారు.

అన్నిటికంటే కింద రాసింది విను. కంపెనీ టిక్కెట్టు చీటీలన్నీ దుర్గాంబ స్వహస్తంతోనే రాయాలి.

గౌస్ బాషాకి ఈ కాగితం చదివి వినిపిస్తే ఫోన్లో పొట్ట చెక్కలయ్యేలా నవ్వాడు. తర్వాత నిజం చెప్పాడు. మొదటి పది రోజులూ ఫోను ఎత్తితే టిక్కెట్టు రద్దు చెయ్యమనే మాట తప్ప ఇంకొకటి లేదట. విమానం వద్దు, రెండ్రోజులైనా సరే రైలుకి వెయ్యి అని కంపెనీలన్నీ వెంటపడ్డాయట. నెల తిరక్కుండానే మళ్ళీ విమానాలకి వెయిటింగ్ లిస్టు. "జనం అప్పుడే మర్చిపోయారా బాషాగారూ?" అన్నాను. "మర్చిపోలేదమ్మా. పనులాగవు కదా" అన్నాడు. మా ఓనరుగారి సిద్ధాంతి కంటే ఆయనకే ఎక్కువ తెలుసు.

ఇక అసలు కడుపుమంట. అహ్మదాబాదులో మూణ్ణెల్ల పత్తి గ్రేడింగు శిక్షణకి నన్ను పంపిస్తానని ఓనరుగారు ఆగస్టులో మాటిచ్చారు. మా నాన్న జిన్నింగు మిల్లులో పత్తి చూసేవాడు. ఎనిమిదేళ్ళప్పుడే నా వేళ్ళ మధ్య పత్తి పెట్టి, పింజ లాగి పొడవు చెప్పమనేవాడు. ఇప్పటికీ మా ఆఫీసుకి ఏ శాంపిలు వచ్చినా కళ్ళు మూసుకుని పింజ పొడవు చెప్తాను, తర్వాత కొలిస్తే అంతే ఉంటుంది. ఆ శిక్షణ సర్టిఫికెట్టు ఒక్కటి చేతికొస్తే నేను టిక్కెట్లు రాసే మనిషిని కాదు, పత్తి చూసే మనిషిని. మొన్న వెళ్ళి గుర్తుచేశాను.

"నువ్వు మూణ్ణెల్లు పోతే టిక్కెట్లు ఎవరు రాస్తారమ్మా?" అన్నారు.

"కొత్తగా వచ్చిన టైపిస్టు నజీరా రాస్తుందండీ. చురుకైన పిల్ల" అన్నాను.

"చేతిరాత సంగతి కాదమ్మా, చేతి సంగతి. నిన్ను పంపి నా మనుషుల్ని గాలికొదలమంటావా?" అన్నారు. రామేశ్వరం వెళ్ళినా శనేశ్వరం తప్పలేదన్నట్టుంది నా పని. చెడ్డ చెయ్యి అని తొమ్మిదేళ్ళు వెనక గదిలో కూర్చోబెట్టారు. ఇప్పుడు మంచి చెయ్యి అని కుర్చీకి కట్టేస్తున్నారు.

దుర్గాంబ


చీరాల
12-12-1988

పూజ్యులైన వదినగారికి,

నువ్వన్నట్టే ఆ మాటలు తీసేశాను. మరీ కటువుగా రాశావు వదినా. పెద్దలు రాసిన పద్ధతే నేనూ రాశాను గానీ నాకేం తెలుసు?

శిక్షణ సంగతి తొందరపడకు. నలభయ్యో ఏట ఆడదానివి ఒక్కదానివీ అంత దూరం వెళ్ళి పత్తి పీక్కుంటూ కూర్చోకపోతే ఏం? నిన్ను నెత్తిన పెట్టుకుంటున్నారు. ఆ పొరపాటు నీ అదృష్టం అనుకుని నోరు మూసుకుని ఉండు. ఓనరుతో వాదాలు పెట్టుకోకు.

ఒక శుభవార్త. మా ఇల్లు పూర్తయింది. మాఘశుద్ధంలో గృహప్రవేశం. పాలు నీ చేతే పొంగించాలని మావారి పట్టు. ఆయన బంధువులంతా నిన్ను చూడాలని ఉవ్విళ్ళూరుతున్నారు. రెండు రోజుల ముందే రావాలి.

నీ ఆడపడుచు,
వెంకటేశ్వరమ్మ


గుంటూరు
20-12-1988

వెంకటేశ్వరమ్మకు,

పాలు నేను పొంగించను.

నీ కూతురి బారసాలకి వచ్చాను, గుర్తుందా? మీ అన్నయ్య పోయి ఏడాదిన్నర. ఆ పిల్లకి నా చేత్తో కుట్టిన గౌను తెచ్చాను. నువ్వే నా దగ్గరికొచ్చి "వదినా, ముత్తయిదువలు వస్తున్నారు, పది నిమిషాలు కొట్టుగదిలో కూర్చో" అన్నావు. పది నిమిషాలు కాదు, మధ్యాహ్నం మూడింటిదాకా కూర్చున్నాను. బియ్యం బస్తాల పక్కన నువ్వే విస్తరి వేసి పెట్టావు. పిల్లని ఎత్తుకోకుండానే గుంటూరు బస్సెక్కాను. అదే చెయ్యి, వెంకటేశ్వరమ్మా. అప్పుడూ ఇదే చెయ్యి.

ఇప్పుడు నీకొక నిజం చెప్తాను. ఇన్నాళ్ళూ నీకు కూడా దాచాను. నేను తేదీ పొరపాటు పడలేదు. తొమ్మిదేళ్ళుగా విమానం టిక్కెట్లు వేయిస్తున్నదాన్ని, తెల్లవారుజాము ఏ తేదీ కింద వస్తుందో నాకు తెలియదా? త్యాగరాజుగారే వచ్చి బతిమాలాడు. పంతొమ్మిదిన బొంబాయిలో వేరే కంపెనీలో ఉద్యోగానికి మాట్లాడుకోవడానికి వెళ్ళాలట. "ఒక్కరోజు అటు జరపండి దుర్గాంబగారూ, ఓనరుకి తెలిస్తే నా ఉద్యోగం పోతుంది" అన్నాడు. జరిపాను. ఓనరుగారు పట్టుకుంటే సూర్యోదయం కథ అల్లి నింద నా మీద వేసుకున్నాను. ఆడవాళ్ళకి పంచాంగం తప్ప ఏమీ తెలియదని అందరికీ ముందే నమ్మకం కదా, ఇట్టే నమ్మేశారు.

అంతే. ఇందులో లక్ష్మీ లేదు, శూలా లేదు. ఒకాయన ఉద్యోగం కోసం అబద్ధమాడాడు, ఆ అబద్ధం వల్ల బతికాడు. నా అబద్ధానికి కొబ్బరికాయ కొట్టారు.

నన్ను పంపనని ఓనరుగారు అంటుంటే త్యాగరాజు అక్కడే నిలబడి ఉన్నాడు. నేల చూపులు చూశాడు. బయటికొచ్చాక నా కాళ్ళకి దణ్ణం పెట్టాడు. నాకు దణ్ణం వద్దు, నోరు విప్పమన్నాను. పిల్లలున్నారండీ అన్నాడు.

ఇప్పుడు చెప్పు, నోరు మూసుకోమంటావా?

దుర్గాంబ


చీరాల
4-1-1989

వదినా,

నాలుగు ఉత్తరాలు రాసి చించాను. ఇది ఐదోది.

కొట్టుగది నాకు గుర్తుంది. విస్తరి వేస్తున్నప్పుడు నీ మొహం చూడలేదు నేను. చూస్తే ఏడుస్తానని కాదు, చూస్తే నిన్ను బయటికి తీసుకురావాల్సి వస్తుందని. అత్తగారికి భయపడ్డాను. అత్తగారు పోయాక ఎవరికి భయపడ్డానో నాకే తెలియదు, అలవాటైపోయింది. క్షమించమని అడగడానికి సిగ్గుగా ఉంది. అయినా అడుగుతున్నాను.

మావారికి నీ ఉత్తరం చదివి వినిపించాను. "అయితే ఆవిడ చేతిలో ఏ మహత్తూ లేదన్నమాట. పాలు పొంగించడానికి మా అక్కయ్యని పిలుద్దాం" అన్నారు. నాకు ఒళ్ళు మండింది. "పాలు నేను పొంగించుకుంటాను. ఇల్లు నాది. మా వదిన ముందు వరసలో కూర్చుంటుంది. కూర్చోకపోతే నేనూ కొట్టుగదిలో కూర్చుంటాను, అప్పుడు మీ అక్కయ్యా మీరూ కలిసి గృహప్రవేశం చేసుకోండి" అన్నాను. పదిహేనేళ్ళ కాపరంలో మొదటిసారి ఆయన నా మాటకి తగ్గారు.

నువ్వు రా. మహత్తు ఇంట్లో పెట్టి, మా అన్నయ్య భార్యగా రా.

త్యాగరాజు గారికి నాలుగు రోజులు గడువివ్వు. ఆయన చెప్పకపోతే నువ్వు చెప్పు. నువ్వూ చెప్పకపోతే నేను గుంటూరు వచ్చి మీ ఆఫీసు మధ్యలో నిలబడి చెప్తాను. టీచర్ని, నా గొంతు ఎంత దూరం వినిపిస్తుందో నీకు తెలుసు.

వెంకటేశ్వరమ్మ


గుంటూరు
29-1-1989

నా వెంకటేశ్వరమ్మకు,

నువ్వు రానక్కరలేదు. అయిపోయింది. నీ ఉత్తరం బ్యాగులో పెట్టుకునే వెళ్ళాను.

నిన్న మధ్యాహ్నం ఓనరుగారు అందర్నీ పిలిచారు. మా శాంపిళ్ళు మూడు రోజులు రైల్లో పోయేసరికి పొరుగు కంపెనీ వాళ్ళు విమానంలో వెళ్ళి బేరం కుదుర్చుకొచ్చారట. గోడ మీద నిబంధనలున్నా ఇన్నాళ్ళూ ఎవర్నీ విమానం ఎక్కనివ్వలేదు, ఇక మళ్ళీ అనుమతిస్తారట. అయితే చీటీ నేను రాయడమే కాదు, బయల్దేరేవాళ్ళకి ఎదురు కూడా నేనే రావాలని కొత్త నిబంధన. నజీరా టైపు మిషను ముందు సిద్ధంగా కూర్చుంది.

నేను లేచాను.

"అమ్మాయ్, ఆ నిబంధన టైపు చెయ్యకు" అన్నాను. "అయ్యా, ఆ రోజు తేదీ నేను పొరపాటున మార్చలేదు. తెలిసే మార్చాను. సూర్యోదయం మాట నేను చెప్పిన అబద్ధం."

"ఎందుకు మార్చావు?" అన్నారు.

"అది చెప్పాల్సింది నేను కాదు" అన్నాను. త్యాగరాజు వైపు చూడకూడదనుకున్నాను. చూడలేదు కూడా.

ఓనరుగారి మొహం ఎర్రబడుతోంది. "కంపెనీ టిక్కెట్టు నీ ఇష్టమొచ్చినట్టు మారుస్తావా? రేపటినుంచి రానక్కర్లేదు" అన్నారు. అప్పుడు లేచాడు త్యాగరాజు. "నేనే మార్చమన్నానండీ. బొంబాయిలో వేరే ఉద్యోగం చూసుకోవడానికి. తీసేస్తే నన్ను తీసెయ్యండి" అన్నాడు. చేతిలో చెమటకి తడిసిన రుమాలు. అప్పటిదాకా అతని మీద ఉన్న కోపం ఆ రుమాలు చూడగానే సగం పోయింది.

"ఇచ్చారా వాళ్ళు ఉద్యోగం?" అన్నారు ఓనరుగారు.

"లేదండీ. పత్తి పింజ చూడ్డం వచ్చా అని అడిగారు. రాదన్నాను."

"రాదుగా మరి! ఈ ఆఫీసులో అది వచ్చింది ఒక్క ఈవిడకే" అని అరిచి, తనన్న మాట తనకే వినపడి ఆగిపోయారు. బాపయ్య కిసుక్కున నవ్వాడు.

"అందుకే నన్ను శిక్షణకి పంపండి" అన్నాను.

ఆయన కుర్చీలో కూలబడ్డారు. "భయం వేసిందమ్మా. ఆ రోజు వీడి పెళ్ళాం పిల్లలు చెప్పుల్లేకుండా రావడం చూశాక, మళ్ళీ నా మాట మీద ఒక మనిషిని విమానం ఎక్కించడానికి చెయ్యాడలేదు" అన్నారు. ఆ గొంతు నేనెప్పుడూ వినలేదు.

"భయపడండి. భయపడడంలో తప్పులేదు. నాకూ భయమే" అన్నాను. "కానీ మీ భయానికి నా చెయ్యి తాయెత్తు కాదండీ. మంచిదని పూజించొద్దు, చెడ్డదని దాచొద్దు. ఇది పనిచేసే చెయ్యి."

ఆయన పౌరుషం మళ్ళీ లేచింది. "అంత ధైర్యముంటే నువ్వే వెళ్ళు. మంగళవారం, శూల ఉన్న రోజు, అదే తెల్లవారుజాము విమానంలో. చూద్దాం" అన్నారు.

"వేయించండి" అన్నాను. "చీటీ నేను రాయను. నజీరా రాస్తుంది."

ఫిబ్రవరి పద్నాలుగు, మంగళవారం. పన్నెండున గుంటూరులో బయల్దేరతాను. మీ ఇంట్లో పాలు పొంగిన మూడో రోజు.

దుర్గాంబ


చీరాల
2-2-1989

మా దుర్గ వదినకు,

ఉత్తరం చదువుతూ స్టాఫ్ రూములో బల్ల చరిచాను. అందరూ ఉలిక్కిపడ్డారు.

పన్నెండున నేనూ గుంటూరు వస్తాను. నువ్వు గడప దాటేటప్పుడు నిండు బిందెతో ఎదురొస్తాను. కాదనకు.

వెంకటేశ్వరమ్మ

(అదే ఉత్తరం అడుగున, దుర్గాంబ చేతిరాతతో రాసి తిప్పి పంపినది)

బిందె వద్దు. పెట్టె బరువుగా ఉంది, మొయ్యడానికి రా.


అహ్మదాబాదు
18-2-1989

వెంకటేశ్వరమ్మకు,

చేరాను. హాస్టలు బాగుంది. పప్పులో బెల్లం వేస్తారు, అదొక్కటే బాధ. నువ్వు ఇచ్చిన గోంగూర పచ్చడి సీసా పగల్లేదు. స్టేషన్లో పెట్టె మోసి నీ భుజం వాచే ఉంటుంది, కొబ్బరినూనె రాసి కాపడం పెట్టుకో.

శిక్షణలో ముప్పై మందిమి. ఆడదాన్ని నేనొక్కదాన్నే. మొదటి రోజు మాస్టారు అందరికీ తలా ఒక పత్తి తునక ఇచ్చి పింజ పొడవు రాయమన్నారు. మిషను మీద కొలిచాక నా కాగితం మళ్ళీ తీసి చూశారు. ఎక్కడ నేర్చుకున్నావని హిందీలో అడిగారు. మా నాన్న దగ్గర అని తెలుగులోనే చెప్పాను, అర్థమైంది.

విమానం సంగతి చెప్పాలి కదా. పద్నాలుగో తేదీ, మంగళవారం తెల్లవారకముందే బొంబాయి విమానాశ్రయానికి వెళ్ళి టిక్కెట్టు చూపించాను. కౌంటరు అమ్మాయి చూసి "మీది ఈరోజు కాదు, రేపు" అంది. తీసి చూసుకుంటే పదిహేనో తేదీ! ఓనరుగారు మంగళవారం తెల్లవారుజాము అంటే, మంగళవారం వెళ్ళాక వచ్చే తెల్లవారుజాము అనుకుంది నజీరా. నేను అబద్ధంగా చేసిన తప్పు ఆ పిల్ల నిజంగా చేసింది. టిక్కెట్టు తీసి తేదీ చూసుకోకుండా పెట్టెలో పెట్టుకున్న నా సంగతి ఏమని చెప్పను!

నేనెక్కాల్సిన విమానం నా కళ్ళ ముందే లేచిపోయింది. ఇంత మాట్లాడినదాన్ని, ఆ పూటంతా మాతుంగాలో మనవాళ్ళ సత్రంలో రేడియో పక్కనే కూర్చున్నాను. నాలుగిడ్లీలు తిన్నాను. వార్తల్లో ఎండల గురించి చెప్పారు, క్రికెట్టు గురించి చెప్పారు. విమానం గురించి ఏమీ చెప్పలేదు. సుఖంగా దిగిందన్నమాట. సుఖంగా దిగినవాటి గురించి ఎవరూ చెప్పరు కదా.

మర్నాడు బుధవారం ఎక్కాను. అదే రోజు, అదే వేళ, అదే దిక్కు. ఒక్క సీటు ఖాళీ లేదు. నాకు ముందు వరసలోనే ఇచ్చారు. దిగబోయే ముందు విమానంలో అందరూ మాటలు మానేశారు. పక్కనున్న గుజరాతీ పెద్దాయన కళ్ళు మూసుకున్నాడు. అందరికీ ఆ అక్టోబరే గుర్తొచ్చిందని తెలిసింది. నాకు భయం వేసింది. ఆ పోయినవాళ్ళు గుర్తొచ్చారు, వాళ్ళ టిక్కెట్లు రాసిన గుమాస్తాలు గుర్తొచ్చారు. వాళ్ళ చేతులూ నా చెయ్యి లాంటివే అని, వాళ్ళలో ఒక్కరైనా ఎదురైతే చెప్పాలనిపించింది. చక్రాలు నేలకి తగిలాక ఆ పెద్దాయన నావైపు చూసి నవ్వాడు.

ఓనరుగారికి నిన్ననే ఉత్తరం రాశాను. గోడ మీది కాగితం చించెయ్యమన్నాను. ఇద్దరు ఒకే విమానం ఎక్కకూడదన్నది కావాలంటే ఉంచుకోమన్నాను, ఆయన భయం ఆయనది. నజీరాని తిట్టొద్దన్నాను, ఆ పిల్లకి కొబ్బరికాయా కొట్టొద్దన్నాను. చీటీ మీద తేదీ పక్కనే గంట కూడా రాయమని చెప్తే చాలు.

నీ వదిన,
దుర్గాంబ